మనిషి వంశం

అక్టోబర్ 27

ఇవాళ పిల్లలు అడిగినవి మరిచిపోకముందే రాసుకోవాలి.

"టీచరమ్మా, నీకు బొట్టు లేదు. మీ ఆయన సచ్చిపోనాడా?"

"నాకు పెళ్ళే కాలేదురా."

"అవకుండానే సచ్చిపోనాడా?"

ఇంకొకడు: "మీ కొండ కిందోళ్ళ ముక్కులు అంత పొడుగ్గుంటాయేటి? మావి ఇలాగున్నాయేటి?" ఇంకొకతె: "దేముళ్ళు లేరంటావు, మరి మీ అమ్మ ఫోన్ల మాటాడినప్పుడల్లా దేముడా దేముడా అంటాదేటి?"

తప్పు నాదే. గోడ మీద ఎర్ర రంగుతో నిలువెత్తున నేనే రాశాను: ఎందుకు అని అడుగు. దాని కింద రెండో వాక్యం, ప్రార్థనకు బదులు రోజూ పొద్దున్న నేను చెప్పించేది: పుస్తకం అబద్ధమాడదు. ఇరవైమంది పిల్లలు గొంతెత్తి అంటుంటే కొండ అవతలికి వినిపిస్తుంది. శృంగవరపుకోట నుంచి సర్వేశ్వరరావు గారి సైన్సు సంఘం పుస్తకాలు సంచి నిండా మోసుకుని, డుంబ్రిగుడలో జీపు దిగి, ఈ గూడేనికి నడిచి వచ్చినందుకు ఆ ఒక్క కేక చాలు నాకు.

చివరికి ధర్మ గాడు లేచాడు. తొమ్మిదేళ్ళుంటాయి. వాడు లేచాడంటే నాకు భయం.

"నీది ఏ వంశం టీచరమ్మా?"

ఇక్కడ అందరికీ ఒక వంశం ఉంటుంది. పులి, గద్ద, పాము, చేప. నేను ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. ఛాతీ విరుచుకుని చెప్పాను: "నాది మనిషి వంశం. మీ అందరిదీ కూడా అదే."

వాడు వదల్లేదు. "అందరిదీ ఒకటే వంశమైతే మరి ఎవల్ని పెళ్ళాడాలి?"

క్లాసు క్లాసంతా పడీపడీ నవ్వింది. పులికి పులి అన్నాచెల్లెళ్ళ వరస. పులి గద్దని చేసుకోవాలి, పాముని చేసుకోవాలి. అందరూ మనుషులైపోతే ఇక పెళ్ళిళ్ళే లేవు. నాకు ఒళ్ళు మండి ఎనిమిదో ఎక్కం పదిసార్లు రాయించాను.

అది ప్రశ్నకు జవాబు కాదు. రేపు చెప్పాలి.

నవంబర్ 3

చెప్పలేదు. వేరే గొడవలో పడ్డాను.

వలిసె చేలు పూశాయి. కొండవాలు మొత్తం పసుపు. దానికోసం కార్లు. విశాఖ నుంచి వచ్చినవాడొకడు సోనిని పట్టుకుని చేలో నిలబెట్టాడు. "కళ్ళు తెరువు పాపా, ఇటు చూడు, అచ్చం ఫారిన్ పిల్లలా ఉంది" అంటున్నాడు. ఆ ఎండలో అది కళ్ళు తెరవలేదు. తెల్ల కనురెప్పల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మొక్కజొన్న పీచులాంటి ఆ జుట్టులో పూలు గుచ్చాడు. నేను వెళ్ళి ఫోన్ లాక్కుని చేలోకి విసిరేశాను. వాడు తిట్టిన తిట్లు రాయను. ఫోన్ దొరికేసరికి అరగంట పట్టింది.

సోని నా ఇంటివాళ్ళ పిల్ల. నేనుండేది గాసన్న, నీలవేణి వదిన వాళ్ళ ముందుగదిలో. మధ్యలో మట్టిగోడ. తెల్లారకముందే గోడ అవతల వదిన తిరగలి మొదలవుతుంది, దానితోనే నేను లేస్తాను. గాసన్న పులి, వదిన గద్ద, పిల్ల పులి. గాసన్నంత నల్లటి మనిషిని, వదినంత నల్లటి మనిషిని నేను చూడలేదు. వాళ్ళకి ఇది, పాలమీగడలాగ.

గాసన్న తల్లి ఫోన్ సంగతి విని నవ్వి నవ్వి ఏడ్చింది. తర్వాత సోనిని ఒళ్ళోకి లాక్కుని నాకు కథ చెప్పింది. "నిండు నెలల మీద మీ వదిన కళ్ళంలో పడుకుండిపోనాది. నిండు పున్నమి. కడుపు మీద ఎన్నెల పడిపోనాది. లేపుదామంటే నాకు బుద్ధేస్తే కదా, సూస్తూ కూకున్నాను." ఊరందరికీ ఇదే తెలుసు. పేరు పెట్టి పిలవరు, ఎన్నెలా అంటారు. విత్తనాలప్పుడు మొదటి గుప్పెడు దాని చేతే చల్లిస్తారు.

మూఢత్వం ఎంత అందంగా ఉన్నా మూఢత్వమే. టూరిస్టు దాన్ని బొమ్మ చేశాడు, వీళ్ళు దేవత చేశారు. మామూలు పిల్లని చేసేవాడు ఎవడూ లేడు.

అరకు నుంచి నల్ల కళ్ళజోడు తెప్పించాను. పెట్టుకుని ఊరంతా తిరిగింది.

నవంబర్ 6

ఇవాళ్టి క్లాసు నా జీవితంలోనే గొప్ప క్లాసు.

ధర్మ అడిగాడు. "సోని తెల్లగుంది ఎందుకు టీచరమ్మా?" నేను నోరు తెరిచేలోపే ఇరవై గొంతులు: "ఎన్నెల!" సోని కళ్ళజోడు సర్దుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకెందుకంత కోపం వచ్చిందో తెలియదు. ఆ పిల్ల మీద కాదు.

రాజ్మా గింజలు తెప్పించాను. ఎర్రవి, తెల్లవి. ప్రతి మనిషి లోపల రెండు గింజలుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఎర్రగింజ ఒక్కటున్నా తెల్లది దాని వెనక దాక్కుంటుంది, పైకి కనపడదు. గాసన్న దగ్గర ఒక తెల్లది దాక్కుంది. నీలవేణి వదిన దగ్గర ఒక తెల్లది దాక్కుంది. రెండూ సోనికి వచ్చాయి. అంతే. వెన్నెలా లేదు, దేవతా లేదు, జబ్బూ కాదు.

"దాక్కున్నది ఆళ్ళకెక్కడిది?"

"వాళ్ళ అమ్మానాన్నల దగ్గర్నుంచి. వాళ్ళకి తాతల దగ్గర్నుంచి."

ధర్మ గింజలు అటూ ఇటూ జరిపి చూశాడు. "ఇద్దరికీ ఒకే రకం గింజ కదా. అయితే ఒకే తాత ఇచ్చినాడా?"

ఈ బుర్ర కొండ కింద పుడితే ఎక్కడికో వెళ్ళేది. వెన్ను తట్టాను. "పైకి పైకి వెళ్తే ఎక్కడో ఇద్దరికీ ఒకే తాత ఉండి ఉంటాడు. అవును. భలే పట్టావు."

క్లాసు నిశ్శబ్దమైపోయింది. వీళ్ళు ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదటిసారి. సోని ఆ రెండు తెల్లగింజలూ తీసి గౌను కొసకి ముడేసుకుంది.

నవంబర్ 7

పిల్లలు ఆరుగురే వచ్చారు. కాఫీ పళ్ళు కోతకి వెళ్ళి ఉంటారు.

నవంబర్ 9

పొద్దున్న తిరగలి మధ్యలో ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతులకి పిండి.

"టీచరమ్మా, పిల్లలకి ఏటి సెప్పినావు?"

చెప్పాను. గింజలు మళ్ళీ పరిచి చూపించాను. గాసన్న వెనకనుంచి తొంగిచూసి, "అయితే మన తెల్లావు తల్లికీ ఆబోతుకీ కూడా ఒకే తాతేటి?" అని నవ్వాడు. వదిన నవ్వలేదు.

"నన్ను కన్నోళ్ళు ఎవలో నాకు తెల్దు. నీకు తెలుసా?"

నాకు ఆ సంగతే తెలియదు. ఒడిశా వైపు సంతలో చచ్చిపోయిన ఒక ఆడమనిషి పక్కన పసిగుడ్డుగా ఏడుస్తుంటే గద్ద వంశం ముసలాయన కావిడి బుట్టలో వేసుకుని తెచ్చాడట. గద్దలు పెంచారు, గద్ద అయింది. అందుకే పులికి ఇచ్చారు.

"ఆ సచ్చిపోయినామె పులేమో. గాసిగాడి వోళ్ళేమో. నువ్వు సెప్పినట్టు ఒకే తాతేమో."

"ఆ తాత ఉన్నా వందల ఏళ్ళ కిందటి మాట వదినా. దానికేముంది?"

"నీకేటీ లేదు" అంది. కోపంగా అనలేదు.

నవంబర్ 10

గాసన్న చాప అరుగు మీద వేసుకున్నాడు. ఉక్కగా ఉందన్నాడు. నవంబరులో, ఈ కొండ మీద.

నవంబర్ 12

ఊరి పెద్ద సోంబరు వచ్చి వెళ్ళాడు. నాతో మాట్లాడలేదు, గాసన్నతో మాట్లాడాడు. గోడకి చెవి పెట్టి విన్నాను, సిగ్గుపడుతూనే.

కొత్త గింజ తినే పండుగ దగ్గరపడింది. ఊళ్ళో ఒకే వంశంవాళ్ళు మొగుడూపెళ్ళాలుగా ఉంటే ఊరు ఆ గింజ ముట్టకూడదు. ఎవరి ఇంట్లోనైనా ముట్టుకుంటే అందరి ఇళ్ళకీ కీడు. ఈ ఏటి రాగులు, చోళ్ళు, కోసి కళ్ళంలో పోసి ఉన్నాయి. తేలేదాకా ఎవరూ దంచరు.

"రాజ్మా గింజలు సూసి నాకు తీర్పు సెప్తావా మావా?" అంటున్నాడు గాసన్న.

"నేను సెప్పలేదురా. పిల్లలందరూ సెప్తన్నారు. పుస్తకంల ఉన్నాదంట."

నవంబర్ 13

నేను చెప్పింది తప్పు కాదు.

నవంబర్ 14

సిగ్నల్ కోసం పైగుట్ట ఎక్కి సర్వేశ్వరరావు గారికి ఫోన్ చేశాను. అంతా విని, "శాస్త్రీయంగా సరిగ్గానే చెప్పావమ్మా, మొదట ఇలాంటి ప్రతిఘటన ఉంటుంది, నిలబడాలి" అన్నారు. దీన్ని ఒక పేజీ రాసి పంపమన్నారు, పత్రికలో వేస్తారట.

పూర్తిగా సరిగ్గా చెప్పలేదని ఆయనకి చెప్పలేదు. పుస్తకంలో ఆ పేరా చివర ఇంకో వాక్యం ఉంది. తల్లిదండ్రులు ఏమాత్రం చుట్టరికం లేనివారైనా కావచ్చు అని. ఆ వాక్యం నాకు తెలుసు. ఆ రోజు కూడా తెలుసు. ధర్మ అంత బాగా అడిగాడు కదా, అవును అనడమే బాగుంటుందనిపించింది. వెన్నెల అని అరిచారు కదా అందరూ.

పిల్లలకి అర్థమయ్యేలా కాస్త కుదించి చెప్పాను. ఎవరైనా అలాగే చెప్తారు.

నవంబర్ 17

ఊరి మధ్య కూర్చునే రాళ్ళ దగ్గర. మధ్యాహ్నం. అందరూ వచ్చారు, పిల్లలు కూడా. గాసన్న ఒక కొసన, వదిన ఒక కొసన. సోని అవ్వ ఒళ్ళో, కళ్ళజోడుతో.

సోంబరు నన్నే మొదట పిలిచాడు. కూర్చోమని రాయి చూపించాడు. "అమ్మా, నువ్వు సదువుకున్న గుంటవి. ఒకటే అడుగుతాను. ఈళ్ళిద్దరికీ పైన ఒక తాత ఉన్నాడని సెప్పినావా?"

"చెప్పాను. కానీ అది తప్పు. ఉండక్కర్లేదు. ఎక్కడెక్కడివాళ్ళకైనా అలా పుట్టొచ్చు. ఆ మాట నేను చెప్పకుండా వదిలేశాను."

"ఆవేళ ఉన్నాడు, ఈవేళ లేడా?"

"పరీక్షలు చేయించవచ్చు, రక్తం పంపిస్తే..."

"పంపిస్తే, లేడని తప్పకుండా వస్తాదా?"

తప్పకుండా అని ఎవరూ చెప్పలేరు. ఎంత పైకని వెతుకుతారు? అప్పుడు అనేశాను. నేను, ఉమామహేశ్వరి, అందరి ముందూ అనేశాను: "వెన్నెలే. ఈ అవ్వ చెప్పిందే నిజం. వెన్నెల పడింది. నేను చెప్పింది అబద్ధం."

ఎవరో ముసిముసిగా నవ్వారు. ముసలమ్మ నా వంక జాలిగా చూసింది. ధర్మ వాళ్ళమ్మ పక్కనుంచి లేచాడు. నాకు సాయం చేద్దామనే లేచాడు. వాడి ముఖం చూస్తే తెలుస్తుంది, నేను ఏదో పాఠం మరిచిపోయినట్టు, వాడు అందిస్తున్నట్టు.

"పుస్తకం అబద్ధమాడదు కదా టీచరమ్మా."

ఆ వాక్యం వినగానే మిగతా పిల్లలు అలవాటు కొద్దీ గొంతెత్తారు. ఇరవైమందీ. పుస్తకం అబద్ధమాడదు. కొండ అవతలికి వినిపించేలాగ.

తర్వాత సోంబరు చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "ఈ గుంటని గద్దోళ్ళు బుట్టలో తెచ్చినప్పుడు ఈ రాళ్ళ కాడే నీళ్ళు పోసి గద్దని సేసినాం. నేనే సెంబు పట్టినాను. ఎవలి కడుపున పుట్టిందో అడగలేదు. అడక్కూడదనే నీళ్ళు పోసినాం. ఇప్పుడు నువ్వు అడిగేసినావు."

"మళ్ళీ పొయ్యండి!" అని అరిచాను. "ఇప్పుడే పొయ్యండి, పామో చేపో చెయ్యండి!"

"అడిగేసినాక నీళ్ళు నిలవవమ్మా."

వాళ్ళిద్దర్నీ ఊళ్ళోంచి పొమ్మనలేదు. తప్పు కింద జరిమానా వెయ్యలేదు. తెలియక చేసినదానికి తప్పు లేదన్నారు. ఒక ఊళ్ళో ఉండొచ్చు, ఒక ఇంట్లో కాదు. ఇకమీదట అన్నాచెల్లెళ్ళు. గాసన్న రాయి మీద పిడికిలితో గుద్దుతూ, "నా పెళ్ళాన్ని సెల్లీ అనాలా? సెల్లీ అనాలా నేను?" అన్నాడు. నేను పోలీసులకి చెప్తానన్నాను, కలెక్టరుకి చెప్తానన్నాను, ఇంకా ఏవేవో అన్నాను.

వదిన ఒక్కసారే నా వైపు తిరిగింది. "నువ్వూరుకో టీచరమ్మా. ఎనిమిది దినాలై ఆడు నా పక్కన పడుకోలేదు. ఊరేటి సెప్తాది, ఆడికీ నాకూ ముందే తెలిసిపోనాది."

నవంబర్ 18

వదినా సోనీ తెల్లారకముందే తయారయ్యారు. ఒక మూట, ఒక గిన్నెల సంచి. వదినని పెంచిన గద్దలు ఇప్పుడెవరూ లేరు. రోడ్డు మీద వ్యూ పాయింటు దగ్గర బొంగులో చికెన్ అమ్మే దుకాణంలో పని ఉందట.

గాసన్న అరుగు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వదిన మెట్టు దిగి, ఆగి, అతని కాళ్ళకేసి చూస్తూ అంది: "దాదా, కోళ్ళని సూసుకో."

దాదా అంటే ఇక్కడ అన్న.

సోని నా దగ్గరకి వచ్చింది. "మరి నేను పులినా, గద్దనా?"

"మనిషివి" అన్నాను. నోరు దానంతట అదే అనేసింది.

తల ఊపింది. "అయితే నాకు ఎవలూ ఏ వరసా అవ్వరన్నమాట."

మంచులో పది అడుగులు వెళ్ళేసరికి జుట్టు కనపడలేదు. ఆ మంచు రంగే కదా.

నవంబర్ 19

తెల్లారకముందే తిరగలి. లేచాను. లేచాక గుర్తొచ్చింది.

నవంబర్ 22

కొత్త పండుగ. డప్పులు. చోడి అంబలి ఆకుదొప్పలో పెట్టి నాకూ పంపారు. ఎవరికీ నా మీద కోపం లేదు. ఒక్కరైనా తిట్టలేదు.

తాగలేకపోయాను.

నవంబర్ 25

పిల్లలు అందరూ వస్తున్నారు. చెప్పింది రాస్తున్నారు. గాలి గురించి చెప్పి, ఏమైనా అడగండి అన్నాను. నేలకేసి చూశారు. ధర్మని పేరు పెట్టి అడిగాను.

"ఏటీ లేదు టీచరమ్మా" అన్నాడు. "మా అమ్మ ఏటీ అడగొద్దన్నాది."

గోడ మీది మొదటి వాక్యం మీద సున్నం వేశాను. ఎరుపు కింద నుంచి కనపడుతూనే ఉంది. రెండో వాక్యం వాళ్ళు చెప్తూనే ఉన్నారు, మానమంటే ఎందుకని అడగరు, అలాగని మానరు.

డిసెంబర్ 2

తిరగలి మళ్ళీ. ఈసారి లేవలేదు, వింటూ పడుకున్నాను. మొదట పొడి గింజ చప్పుడు, తర్వాత మెత్తబడ్డ చప్పుడు. మధ్యలో ఆగడం, పిడికెడు పోయడం, మళ్ళీ తిరగడం. ఆగినచోట గుమ్మంలోకి వచ్చి నిలబడుతుందని ఎదురుచూశాను.

తెల్లారాక వెళ్ళి చూశాను. తిరగలి పై రాయి తీసి గోడకి ఆనించి ఉంది. దాని మీద సాలెగూడు.

గాసన్న తల్లి దగ్గర తింటున్నాడు. తింటున్నాడని ముసలమ్మ అంటోంది. కోళ్ళని ఒక్కొక్కటీ సంతకి పట్టుకెళ్ళి ఇచ్చేశాడు. పుంజుని అడక్కుండానే ఎవరి చేతిలోనో పెట్టాడట. గూడు తలుపు తీసే ఉంటోంది.

డిసెంబర్ 9

సర్వేశ్వరరావు గారు ఆ పేజీ ఏమైందని అడిగారు. రాయడం మొదలుపెట్టాను. 'ఒక గిరిజన గ్రామంలో' దగ్గర ఆగిపోయాను.

వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపరు. జీపు రోజూ ఉంది.

డిసెంబర్ 29

పలకలు కొనడానికి అరకు వెళ్ళాను. పలకలు డుంబ్రిగుడలోనూ దొరుకుతాయి. అరకే వెళ్ళాను.

వ్యూ పాయింటు దగ్గర జీపు దిగిపోయాను. కార్లు, పొగ, పాటలు. వదిన నిప్పుల మీద బొంగులు తిప్పుతోంది. చూసింది. "తిన్నావా?" అంది. తిన్నానంటే, "ఎక్కడ తిన్నావు, మొకం అలాగున్నాది" అని టీ గ్లాసు చేతిలో పెట్టి మళ్ళీ బొంగుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంకేమీ అడగలేదు. ఎవరి గురించీ అడగలేదు.

సోని గోడ మీద కూర్చుని ఉంది, నెత్తిన కాగితం పూల కిరీటం. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు కనపడకపోతే ఫోటో తీసుకోరట. ఒకరి తర్వాత ఒకరు పక్కన నిలబడుతున్నారు. నేను ఎవరి ఫోనూ లాక్కోలేదు. టీ చల్లారిపోయేదాకా పట్టుకుని నిలబడ్డాను.

ఒక చిన్న బాబు, అయిదేళ్ళుంటాయేమో, వాళ్ళమ్మ చెయ్యి లాగాడు. "మమ్మీ, ఆ అక్క ఎందుకలా ఉంది?"

"ష్. అలా అడక్కూడదు నాన్నా."

సోని చెయ్యెత్తి నన్ను చూపించింది. "అడగొచ్చు. మా టీచరమ్మ సెప్తాది. అదిగో."

బాబు పరుగెత్తుకొచ్చి నా ముందు నిలబడ్డాడు. తల పైకెత్తి ఎదురుచూస్తున్నాడు. ధర్మ అలాగే చూసేవాడు. వదిన చేతిలో బొంగు తిరగడం ఆగింది.

"వాళ్ళమ్మ కడుపుతో ఉన్నప్పుడు కళ్ళంలో పడుకుంది బాబూ" అన్నాను. "ఆ రోజు పున్నమి. కడుపు మీద వెన్నెల పడింది. అందుకని."

"మరి మా మమ్మీ మీద పడలేదా?"

"మీ మమ్మీ ఇంట్లో పడుకుని ఉంటుంది."

వాడికి సరిపోయింది. వాళ్ళమ్మ నాకు థాంక్స్ చెప్పింది. బాబు కారెక్కి, అద్దంలోంచి సోనికి చెయ్యి ఊపాడు.

సోని కళ్ళజోడు పెట్టుకుంది. గౌను కొసన ముడి ఇంకా ఉంది, దాన్ని వేళ్ళతో నొక్కుతూ అంది: "భలే సెప్పినావు టీచరమ్మా. ఆవేళ మాకు కూడా ఇలాగే సెప్పుంటే అయిపోను కదా."

జీపు హారన్ కొట్టింది. ఇంకో కారు ఆగింది, సోని మళ్ళీ కళ్ళజోడు తీయబోతూ ఆగి అడిగింది.

"మావ కోళ్ళని సూస్తన్నాడా?"

ఏ మావ అని అడగబోయాను. నోటిదాకా వచ్చాక అర్థమైంది. అమ్మకి దాదా అయితే దీనికి మావ.

చూస్తున్నాడన్నాను. నమ్మింది.